వంగితే కనిపించని నెంబరు

సైకిలు పందేలకు వచ్చేవాళ్ళందరూ ఆమెను పిన్నుల పిన్ని అంటారు. ముగింపు గీత దగ్గర జడ్జి ఆమె. గీత దాటినవాళ్ళ నడుం మీది నెంబరు చదివి, ఎవరు ఎన్నోవారో తేల్చడం ఆమె పని. ఏళ్ళ తరబడి ఇదే పని చేశాక ఆమెకు మనుషుల మొహాల మీద ఆసక్తి పోయింది, నడుముల మీద గౌరవం పోయింది.

పోకేం చేస్తుంది? నెంబరంటే జానెడు కాగితం. దాన్ని కుడి తుంటి మీద, నాలుగు మూలలా నాలుగు పిన్నులతో, సైకిలు మీద వంగినట్టు వంగి నిలబడి పెట్టించుకోవాలి. నిటారుగా నిలబడి పెట్టించుకుంటే, వంగగానే చొక్కా లాగేసి అంకెలు మడతలోకి పోతాయి. ఇంత చిన్న ముక్క ఎవరి బుర్రకూ ఎక్కదు. ఒకడు గాలి పట్టకూడదని కాగితాన్ని ఉండచుట్టి, మళ్ళీ విప్పి తగిలించుకుంటాడు. ఇంకొకడు అంచులు కత్తిరిస్తాడు, ఆ అంచులతో పాటు సగం అంకె కూడా చెత్తబుట్టలోకి పోతుంది. మరొక మహానుభావుడు పైన వానకోటు తొడుక్కుని, తననెవరూ గుర్తుపట్టలేదని వచ్చి ఆమె మీదే అరుస్తాడు. చెమటకు నాని, జేబులోని అరటిపండు చితికి, బంకబంకగా వేలాడే ఆ కాగితాలను చూస్తే ఆమెకు అసహ్యం.

ఆ రోజు అమ్మాయిల పందెం. మొదటి ముగ్గురికే పెద్ద జట్టులో చోటు. ఆమె అక్క కూతురు బుల్లి కూడా దిగింది. బుల్లికి సైకిలు నేర్పింది పిన్నే, సీటు వెనక పట్టుకుని వీధులన్నీ పరిగెత్తి. ఇప్పుడు ఆ పిల్లకు తండ్రే కోచ్, అంటే ఆమె బావ.

బయలుదేరే ముందు చూస్తే, బావ క్లబ్బు తరఫున దిగిన ఇద్దరి నెంబర్లూ, అంటే బుల్లిదీ, క్లబ్బు వ్యాను డ్రైవరు కూతురిదీ, నలిగిపోయి రెండేసి పిన్నుల మీద వేలాడుతున్నాయి. సరిగ్గా పెట్టించమంది. గాలి తగిలి వెనకబడితే నువ్వొచ్చి తోస్తావా అని బావ నవ్వాడు. అయినా ఆమె ఎదురుగా నాలుగు పిన్నులూ పెట్టించాడు. ఆమె గీత దగ్గరికి వెళ్ళగానే కిందివి పీకేయించి, గాలి పట్టకుండా కాగితాలు పైకి మడిపించాడు.

సగం పందెంలో వాన పట్టుకుంది. మొదట వచ్చిన ఇద్దరి నెంబర్లూ శుభ్రంగా కనిపించాయి. మూడో పిల్ల గీత దాటినప్పుడు మాత్రం ఆ పిల్ల నడుం మీద తడిసిన మసిగుడ్డలాంటిదేదో ముడుచుకుని అతుక్కుని ఉంది. అయిదో పిల్లదీ అదే వాలకం. ఇద్దరిదీ ఒకే రంగు చొక్కా, ఒకే హెల్మెట్, ఒకే ఒడ్డూపొడుగు. ఫొటో తెప్పించి చూసినా ఆ మడతే కనిపించింది.

బావ జడ్జీల గదిలోకి వచ్చేసి, మూడోది బుల్లి, రాసేయమన్నాడు. డ్రైవరు కూతురు తలుపు దగ్గరే నిలబడి, మూడోది తనేనంది. గట్టిగా కూడా అనలేకపోయింది, కోచ్ ముందుంటే గొంతెలా లేస్తుంది.

నెంబరు చదవలేకపోతే, జడ్జి కళ్ళారా చూసి గుర్తుపట్టినా చెల్లుతుంది. ఆ నిబంధన బావకు నోటికి వచ్చు. పరాయి పిల్లను గుర్తుపట్టలేకపోయావంటే అర్థముంది, చేతుల్లో పెరిగిన పిల్లను గుర్తుపట్టలేవా అన్నాడు. ఈలోగా అక్క ఫోన్ చేసింది. బుల్లి పేరే రాసెయ్, రేపు పొరపాటని తేలినా ఈ వయసులో చూపు అంతేలే అనుకుంటారు గానీ నిన్నెవరూ తప్పుపట్టరని మెత్తగా చెప్పింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చేయాలో మాత్రం ఆ సామెత చెప్పదు.

పిన్ని బుల్లిని పిలిపించింది.

"మూడోది ఎవరే?"

బుల్లి తండ్రిని చూసింది. తలుపు దగ్గరున్న పిల్ల వైపు చూడలేదు.

"నేనే పిన్నీ."

ఇన్నేళ్ళుగా నలిగిన కాగితాలను చూసి పడ్డ అసహ్యమంతా కలిపినా, ఆ ఒక్క మాటకు పిన్నికి వేసినంత ఉండదు. అలసిపోయి గీత దగ్గరికొస్తే బుల్లి ఎడమ మోకాలు బయటికి విసురుతుంది. ఎన్ని తిట్లు తిట్టినా మానలేదు. అయిదో పిల్ల మోకాలు అలాగే విసిరింది, మూడో పిల్ల విసరలేదు. పిన్ని రెండూ కళ్ళారా చూసింది.

"మూడోది డ్రైవరు గారమ్మాయి," అంది. "నేను చూశాను. రాసి సంతకం పెడుతున్నాను."

సొంత అక్క కూతురి నోటి దగ్గర కూడు తీసేశావన్నాడు బావ. డ్రైవరు కూతుర్ని ఇక క్లబ్బు గడప తొక్కనివ్వనని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల తను గెలిచిందో ఓడిందో తెలియనట్టు సైకిలు నడిపించుకుంటూ వెళ్ళింది.

బుల్లి ఒక్కతే మిగిలింది.

"నువ్వు జడ్జిగా ఉంటే ఇంక నేను పందేలకు రాను పిన్నీ."

"రాకు."

అనేసింది. బుల్లి మొహం చూశాక ఆమెకు తన నోటి మీదా అసహ్యం వేసింది. వెనక్కి పిలుద్దామనుకునేసరికి ఆ పిల్ల గది దాటేసింది, బయట ఈల కూడా వేశారు. అప్పటికే సాగుతున్న మగపిల్లల పందెంలో గుంపు ఆఖరి మలుపు తిరిగి వచ్చేస్తోంది. పిన్ని గీత దగ్గరికి పరిగెత్తి, చొక్కా చేతితో కళ్ళు గట్టిగా తుడుచుకుంది. నీళ్ళు నిలిస్తే నెంబర్లు కనిపించవు.