ఈశాన్యంలో చేప, నైరుతిలో నేను

నేను ఒక పీపాను. గట్టి ప్లాస్టిక్‌తో చేసి, కడుపు నిండా స్పాంజీలు కూరి, మూతకు ఉక్కు పట్టీ బిగించిన ప్రెషర్ ఫిల్టర్‌ని. తోటల్లో కొలనుల నీళ్ళు శుభ్రం చేయడానికి నన్ను తయారుచేశారు. ఎండలో, వానలో, మట్టిలో సగం పూడి బతకాల్సినదాన్ని. అలాంటి నన్ను విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి, గాజు తొట్టి పక్కకి తెచ్చిన మహానుభావుడు పానకాలరావు. ఏదైనా పెద్దది కొంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదన్నది ఆయన సిద్ధాంతం. చెప్పులు కూడా అలాగే కొంటాడేమో ఖర్మ!

ఇంతా చేసి ఆ తొట్టిలో ఉన్నది ఒకే ఒక్క చేప. మూరెడు పొడవు అరోవానా. ఇంటికి కలిసివస్తుందని ఆయన తెచ్చాడు. ఆయన భార్య సువర్చలమ్మ మాత్రం దాన్ని ‘బుజ్జులూ’ అని పిలుస్తూ చేత్తో రొయ్యలు తినిపించేది. నేను పక్కన ఉన్నన్నాళ్ళూ దానికి ఏ లోటూ రాలేదు.

అంతలో వాస్తు సిద్ధాంతి దిగబడ్డాడు.

“చేప ఈశాన్యంలో ఉండొచ్చండీ. ఈ బరువు మాత్రం ఉండకూడదు. బరువెప్పుడూ నైరుతిలోనే.”

ఆరువందల లీటర్ల తొట్టి బరువు కాదట, నేను బరువట! నన్ను ఈడ్చుకెళ్ళి హాలు అవతలి మూల కూలేశారు. తొట్టి అడుగున మోటారు, సోఫా కింద నుంచి రానూ పోనూ రెండు పొడవాటి గొట్టాలు, వాటి చివర నేను.

గొట్టాలు బిగించడానికి వచ్చిన చేపల కొట్టు జిలానీ, “మోటారు అడుగున వద్దు సార్, సగం ఎత్తులో తగిలిద్దాం. గొట్టం ఊడినా సగం నీళ్ళన్నా మిగుల్తాయి” అన్నాడు.

“పైకి కనపడితే ఏం బాగుంటదయ్యా? ఉండనీ” అన్నాడు పానకాలరావు. చేప ప్రాణం కన్నా చూసేవాళ్ళ కన్ను ముఖ్యం మరి.

ఒకరోజు తెనాలిలో గృహప్రవేశానికి బయల్దేరుతూ, గొట్టాలు కనపడకూడదని సోఫాను గోడకేసి నెట్టాడు. సోఫా కాలు సరిగ్గా తొట్టిలోకి నీళ్ళు వెళ్ళే గొట్టం మీద కూర్చుంది. వచ్చే నీళ్ళు వస్తున్నాయి, పోయే దారి లేదు. నా మూత తట్టుకుంది, నాలోకి నీళ్ళు తెచ్చే గొట్టం తట్టుకోలేదు. ఊడి పడింది. మోటారు తొట్టి మొత్తాన్ని తోడి హాల్లో పోసింది. ఉత్త గులకరాళ్ళ మీద బుజ్జులు ఎగిరెగిరి పడుతుంటే, దూరం నుంచి చూడటం తప్ప ఏమీ చేయలేక సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంట్లోకి నీళ్ళు కారుతున్నాయని కింది ఫ్లాట్‌వాళ్ళు ఫోన్ చేస్తే, మొగుడూ పెళ్ళాం తెనాలి నుంచి పరుగున వచ్చారు. సువర్చలమ్మ పట్టుచీరతోనే చేపను ఎత్తి బకెట్టులో వేసింది. అది కదల్లేదు. “బుజ్జులూ, బుజ్జులూ” అంటూ ఆ నీళ్ళలోనే కూలబడి ఏడ్చింది.

పానకాలరావు సిద్ధాంతికి ఫోన్ చేశాడు. కాసేపటికి ముఖం విప్పారింది. ఫోను చెవి నుంచి తీయకుండానే భార్య వైపు తిరిగాడు.

“ఊరుకోవే. మన ఇంటికి రావాల్సిన గండాన్ని అది తన మీదేసుకుందంట. మంచి జాతి చేప! ఇంకోటి తెద్దాంలే.”

సువర్చలమ్మ కళ్ళు తుడుచుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

“గండం ఎక్కడికి పోయిందండీ? ఇదిగో, సోఫాలో కూర్చుని ఫోను మాట్లాడుతోంది.”