బీ బ్లాకు నీళ్లు

ఏప్రిల్‌లో పడ్డ పెద్ద వాన వెలిసిన వారానికి, గల్ఫ్‌లోని మఫ్రఖ్ లేబర్ క్యాంపులో పద్నాలుగు మంది వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. అందరి చూపూ మెస్సులో వంటచేసే భోజన్న మీద పడింది. పదకొండేళ్లుగా అతని చేతి వంట తింటున్నవాళ్లే ఆ పూట పళ్లెం పట్టకుండా బయట ఖుబ్బూస్ రొట్టెలు కొనుక్కున్నారు. చికెన్ ఎప్పటిదని క్యాంపు నడిపే ముదీర్ మూడుసార్లు అడిగాడు.

భోజన్నకు నిద్ర పట్టలేదు. తన కూర రెండు బ్లాకులవాళ్లూ తిన్నారు, జబ్బు పడ్డది మాత్రం బీ బ్లాకువాళ్లే. ‘ఏ’ బ్లాకుకు పైపు నీళ్లు వస్తాయి. బీ బ్లాకు తొట్టిని ట్యాంకరుతో నింపేది ముబారక్, తన ఊరివాడే, గదిలో పక్క మంచమే. మొన్న ఆ ట్యాంకరు ఒక గ్యారేజీ వెనక ఆగి ఉండడం భోజన్న కళ్లారా చూశాడు. అక్కడ చవగ్గా దొరికే మురికి నీళ్లు పట్టాడేమోనని అనుమానం.

"నీళ్లు యాడ నింపుతున్నవ్?"

"రోజు నింపే కాడనే."

"మొన్న గ్యారేజీ ఎనక బండి ఎందుకాపినవ్?"

"టైరు పంచరైంది." ముబారక్ ఒక్క క్షణం అతన్ని చూశాడు. "నన్నే అడుగుతున్నవా, భోజన్నా?"

భోజన్న నమ్మలేదు. తెల్లారగానే వెళ్లి ముదీర్‌కు చెప్పేశాడు. ముబారక్‌ను అదే రోజు బండి దింపారు.

తనిఖీకి వచ్చినవాళ్లు ట్యాంకరు నీళ్లు ఒక సీసాలో, భూమిలోని తొట్టి నీళ్లు వేరే సీసాలో పట్టుకెళ్లారు. మూడో రోజుకి తేలింది. ట్యాంకరు నీళ్లు శుభ్రం. తొట్టి నిండా మురుగులో ఉండే బ్యాక్టీరియా. వానకు పక్కనున్న సెప్టిక్ గుంత పొంగి, పగిలిన తొట్టి మూత సందుల్లోంచి మురుగు లోపలికి దిగింది.

తొట్టి కడిగి క్లోరిన్ వేశారు. జబ్బుపడ్డవాళ్లు ఒక్కొక్కరే లేచి, ఏమీ జరగనట్టే పళ్లేలతో వరుసలో నిలబడ్డారు. ముబారక్ మళ్లీ బండెక్కాడు గానీ గది మార్చుకున్నాడు.

భోజన్న ఎదురెళ్లి నిలబడ్డాడు. "ముదీర్‌కు చెప్పింది నేనే."

"ఎర్కే." ముబారక్ తొట్టిలోకి పైపు దించుతూ తల ఎత్తలేదు. "అందరు నీ కూరతోనే అంటుంటే, వాండ్ల ముంగట ఒట్టేసి కాదని చెప్పిన. నన్నెవడు అడగకున్నా నీ దిక్కు చెప్పిన, నిన్నెవడు అడగకున్నా నా మీద చెప్పినవ్."

భోజన్న తొట్టి నిండేదాకా అక్కడే నిలబడి, కొత్త మూతను తనే ఎత్తి బిగించాడు. ముబారక్ అడ్డు చెప్పలేదు, సాయమూ పట్టలేదు.