వరలక్ష్మమ్మకు రావలసిన తిట్లు

"కదలొద్దు. వీపు ఇంకా సగముండాది," అని సుబ్బులమ్మ భర్త భుజం మీద ఒక్కటి చరిచింది.

గిన్నెలో నూనె కలిపిన కుంకుమ. ఆమె చెయ్యి మోచేతి దాకా ఎర్రగా ఉంది. దామోదరం పెరట్లో పీట మీద పొట్ట లోపలికి లాక్కుని కూర్చున్నాడు. యాభై ఏడేళ్ళ ఒళ్ళు. ఛాతీ మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి, అక్కడ కుంకుమ సరిగా అంటలేదు. ఆమె రెండోసారి రుద్దింది.

అతను తిరుపతిలో ఒక బట్టల షాపులో లిఫ్టు దగ్గర పనిచేస్తాడు. లిఫ్టుకు మీటలున్నాయి, నొక్కడానికి జనానికి వేళ్ళున్నాయి, అయినా మధ్యలో దామోదరం ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు. నీలం చొక్కా వేసుకుని, ఎవరికీ తగలకుండా మూలకు ఒదిగి, "పట్టుచీరలు రెండో అంతస్తమ్మా" అంటాడు. అంతకు మించి మాట్లాడితే సూపర్‌వైజరు ఒప్పుకోడు. ఇంట్లో మాట్లాడితే సుబ్బులమ్మ ఒప్పుకోదు. గొంతెత్తడానికి అతనికి ఏడాదికి మిగిలింది ఒక్క రోజు, గంగమ్మ జాతరలో బండవేషం కట్టే రోజు. వేషం కట్టినవాడు ఎవరినైనా ఏమైనా అనవచ్చు. అనాలి కూడా. తిట్లు పడిన ఇంటికి ఏడాదంతా మంచిదని నమ్మకం. తిట్టకుండా దాటిపోతేనే ఆ ఇంటివాళ్ళు మొహం మాడ్చుకుంటారు.

"చివరింటికి పోవాకు," అంది సుబ్బులమ్మ, మెడ వెనక రుద్దుతూ. "ప్రేమానందం నిన్న వచ్చి చెప్పినాడు గదా. వాళ్ళమ్మను ఆస్పత్రిలో ఇంక పెట్టుకునేది లేదని పంపించేసినారంట. గట్టిగా అరిస్తే ఆమె గుండె తట్టుకోదంట."

"పోకపోతే ముసలమ్మకు తెలిసిపోదా?"

"ఏం తెలుస్తాది?"

ఆ చివరింటి ముసలమ్మ వరలక్ష్మమ్మకు ఎనభై మూడేళ్ళు. అతని తండ్రి మునస్వామి వేషం కట్టే రోజుల్లో, కొత్త కోడలిగా ఆమె తిట్లు విని లోపలికి పరిగెత్తకుండా చీపురు పట్టుకుని మెట్లు దిగి ఎదురు తిట్టింది. అప్పటి నుంచి ప్రతి జాతరకూ వీధి వీధంతా చివరికి ఆమె గడప ముందు చేరుతుంది. ఈ ఏడు వేషం ఆమె ఇంటి ముందు ఆగకపోతే, తనను పోయినవాళ్ళలో కలిపేశారని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎనిమిదింటికి వీధిలోకి దిగాడు. మెడలో కనకాంబరాల దండలు, చేతిలో వేపమండ. లిఫ్టులో వంగి ఉండే వెన్ను నిటారుగా లేచింది. ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తుందో సుబ్బులమ్మకు ఏటేటా ఆశ్చర్యమే.

"ఏమే లోకేశ్వరీ! గడపకు కట్టేదానికి వేపాకు ఆన్‌లైన్లో తెప్పించినావంటనే! డెలివరీ అబ్బి దారి తెలీదంటే, 'పెద్ద వేపచెట్టు ఉండాది సూడు, దాని ఎదురిల్లే' అని చెప్పినావంట! వాడు ఆ చెట్టు కిందనే బండి నిలిపి నీ చేతికి ప్యాకెట్టు ఇచ్చినాడంట! నీ..."

ఆ తర్వాతి మాట ఇక్కడ రాయడానికి వీలుకాదు. లోకేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "కడిగి పంపిస్తారంట మామా" అంది.

ఢిల్లీబాబు తన వంతు కోసం గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"నడిచేదానికి జిమ్ముకు బండెక్కి పోతావు! ఆడ పట్టా మింద గంటసేపు నడిచి, దిగేటప్పటికి ఎక్కిన సోటే ఉంటావు! మళ్ళా బండెక్కి ఇంటికొస్తావు! గానుగెద్దు తిరిగితే నూనన్నా వస్తాది గదరా. నీకేమొచ్చినాది?"

"మోకాలినొప్పి వచ్చినాది మామా," అన్నాడు ఢిల్లీబాబు నిజాయితీగా.

అతని కొడుకు గిరి కర్రకు తగిలించిన ఫోనుతో అడ్డం వచ్చాడు. "మామా, ఆ గానుగెద్దు మాట మళ్ళీ ఒకసారి. ఆటో హారన్ పడింది."

దామోదరం మళ్ళీ తిట్టాడు. మొదటిసారంత బాగా రాలేదని అతనికే తెలిసింది. దాంతో నిజంగా కోపం వచ్చింది. "ఒరే, అమ్మోరి తిట్లకు రెండో టేకు అడుగుతావా? పక్క గదిలో నుంచి మీ అమ్మ అన్నానికి పిలిస్తే పలకవు, మెసేజి పెడితే బొటనవేలు సూపిస్తావు! ఆ వేలు..." గిరి దాన్ని కూడా రికార్డు చేసుకుని, ఇది బాగా వచ్చిందని చెప్పాడు.

ఇట్లా ఇల్లిల్లూ తిట్టుకుంటూ, వెంట జనాన్ని పెంచుకుంటూ పదకొండింటికి చివరింటి దగ్గరకు వచ్చాడు. గేటు వేసి ఉంది. లోపల ప్రేమానందం రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. నవ్వుతూ వచ్చిన జనం ఒక్కసారిగా సద్దుమణిగారు.

"అన్నా, చెప్పినాను గదా."

"తిట్టనులేప్పా. ఒకసారి సూసి పోతాను. అంతే."

ప్రేమానందం ఒక్క మనిషి పట్టేంత గేటు తీశాడు.

గదిలో మీట నొక్కితే లేచే ఆస్పత్రి మంచం. దాని పక్కన పూతలపట్టు నుంచి వచ్చిన నర్సు అమల. మంచం మీద దుప్పటి కింద వరలక్ష్మమ్మ ఉందో లేదో తెలియనంత చిన్నగా ఉంది. వేలికి ఒక క్లిప్పు, దానికి ఒక ఎర్ర దీపం. దామోదరం ఒంటి మీది ఎరుపు చెమటతో కారి తెల్లటి గచ్చు మీద చుక్కలుగా పడుతోంది. ఏడాదంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. చేతులు కట్టుకుని లిఫ్టులో గొంతుతో, "ఎట్లుండావమ్మా? మందులు సరిగ్గా వేసుకుంటా ఉండావా?" అన్నాడు.

వరలక్ష్మమ్మ కళ్ళు తెరిచింది. అతన్ని కిందికీ పైకీ చూసింది.

"ప్రేమా," అని కొడుకును పిలిచింది. "నేను సచ్చిపోయినానా?"

"ఏందమ్మా ఆ మాటలు?"

"మరి వీడేంది, శవాన్ని సూడొచ్చినోడి మాదిరి మర్యాదగా మాట్లాడతా ఉండాడు?"

దామోదరం ప్రేమానందం వైపు చూశాడు. ప్రేమానందం తల్లి వైపు చూసి, తర్వాత కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని దగ్గర నుంచి అంతకంటే ఎక్కువ అనుమతి దొరకదు.

దామోదరం కట్టుకున్న చేతులు విప్పాడు.

"ఏమే ముసలీ! బట్టలారేసే క్లిప్పు వేలికి తగిలించుకోని పండుకున్నావు, నిన్ను యాడ ఆరేసేదానికే? ఒక మీట నొక్కితే తల లేస్తాది, ఇంకో మీట నొక్కితే కాళ్ళు లేస్తాయి! ఇరవై రెండేండ్లుగా లిఫ్టులో నిలబడి సస్తా ఉండానే, ఒక్క దినమన్నా పండుకోని పైకి పోయినానా నేను? వీధిలో అందరికీ వంకలు పెట్టిన నోరు, ఇప్పుడు చెంచాతో ఇడ్లీ పెట్టించుకుంటాదా? లెయ్! చీపురు యాడ పెట్టినావే, నీ..."

అమల చేతిలోని థర్మామీటరు మంచం కిందకు దొర్లింది. బయట జనం గేటు వదిలి, కిటికీ ఎదుటి ప్రహరీ గోడకు ఆనుకున్నారు. మంచం మీద దుప్పటి కదలడం మొదలైంది. మొదట దగ్గు అనుకున్నారు.

"ఇదా తిట్టేది?" అంది వరలక్ష్మమ్మ, నవ్వులో మాటలు తడబడుతుంటే. "మీ నాయన తిడితే పొయ్యి మింద పాలు విరిగిపోయేవి. మీట నొక్కి నొక్కి నీకు వేలు బలిసింది గానీ నోరు బలవలేదు గదరా. ఏడాదంతా పెళ్ళానికి భయపడి, ఒక్క పూట నన్ను భయపెట్టేదానికి వస్తాడంట, సన్నాసి..." ఆమె ఇంకో మాట కూడా అంది. అది దామోదరం వాళ్ళ నాయన కాలం నాటి మాట. దామోదరమే ఎన్నడూ వాడి ఎరగడు. గోడ అవతల జనం ఈల వేశారు.

అలసిపోయి కళ్ళు మూసుకుంది. "అమలా, నాకు కలిపిన అంబలి వీనికియ్యి. సగం తాగి పెట్టరా. మిగిలింది అమ్మోరి ప్రసాదమని నేను తాగతా."

అమల మజ్జిగ కలిపిన రాగి అంబలి స్టీలు గ్లాసులో ఇచ్చింది. దామోదరం సరిగ్గా సగం తాగి, గ్లాసు కిటికీ దగ్గర పెట్టి, గుడికి వెళ్ళాడు.

మొక్కు చెల్లించి, స్నానం చేసి, చెవుల వెనక ఇంకా ఎర్రగా ఉండగానే తిరిగి వచ్చేటప్పటికి మూడు దాటింది. చివరింటి గేటు రెండు రెక్కలూ తీసి ఉన్నాయి. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు. దామోదరం కాళ్ళు మెట్ల దగ్గరే ఆగిపోయాయి. తన నోరే ఆమెను చంపిందా అనుకున్నాడు.

ప్రేమానందం బయటికి వచ్చాడు. "నువ్వు పోయినాక గూడా నవ్వతానే ఉండింది అన్నా. నువ్వు చివర అన్న మాటకు అర్థమేందని అమలను అడిగింది. ఆ పిల్ల సిగ్గుపడి చెప్పలేకపోతే, తానే చెప్పింది. చెప్పి మళ్ళా నవ్వింది. నవ్వు ఆగినాక సూస్తే..." ఆగి, కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. "నాలుగు నెలలుగా అందరం ఆమెతో మర్యాదగానే మాట్లాడినాము."

దామోదరం వెనక్కి తిరగబోయాడు. అతని భుజం పట్టుకుని ప్రేమానందమే లోపలికి తీసుకెళ్ళాడు.

మంచాన్ని చదునుగా దించేశారు. వేలి నుంచి క్లిప్పు తీసేశారు. అమల గచ్చు మీది ఎర్ర చుక్కలు తుడిచేసింది. కిటికీ దగ్గర స్టీలు గ్లాసు మాత్రం అలాగే ఉంది. సగం అంబలి, పైన సన్నగా కట్టిన తెట్టు, గ్లాసు చుట్టూ నాలుగు వేళ్ళ కుంకుమ.