శుభం వెనక రైలు

మిర్యాలగూడలో నేను సినిమా ఆపరేటర్‌గా ఉన్న రోజుల్లో, ఎనభై ఆరులో అనుకుంటాను, ‘వజ్రకోట యువరాణి’ అనే పాత సినిమా మా హాలుకు మళ్ళీ వచ్చింది. యువరాణి కనకవల్లి, ఆమె ఏనుగు మావటీడు విజయుడు ప్రేమించుకుంటారు. రాజుగారు ఊరుకుంటారా? చివరికి ఇద్దరూ విషం తాగి చచ్చిపోతారు. కానీ మా చుట్టుపక్కల ఎవరిని అడిగినా వాళ్ళకు పెళ్ళయిందనే చెబుతారు. ఆ పెళ్ళి చేసింది నేను.

నా తప్పేమీ లేదు. వానలో తడిసి వచ్చిన పెట్టెలో పదహారో రీలు, అంటే ఆఖరిది, ముద్దయిపోయింది. ఆట ఆపుదామంటే ఓనరు వినడు. తొమ్మిదో రీల్లో యువరాణి తన పెళ్ళిని కలగనే పాట ఒకటుంది. దాన్ని కత్తిరించి, ఆమె కోట దాటి మావటీడి దగ్గరికి పరుగెత్తే చోట అతికించాను. ‘శుభం’ అన్న ముక్క వేరే సినిమాది. అక్షరాల వెనక రైలు పోతూ ఉంటుంది. రాజుల కాలంలో రైలేమిటని ఒక్కరూ అడగలేదు. పైగా వేములపల్లి నుంచి జనం ట్రాక్టర్లలో వచ్చారు. అందులో ముత్తమ్మ అనే ఆవిడ ఆరుసార్లు చూసింది.

అంతవరకూ బాగానే ఉంది. అప్పుడే అన్నమ్మ సంబంధం వచ్చింది.

అన్నమ్మ సూర్యాపేటలో టీచరు. చర్చి సభల్లో రెండుసార్లు చూశాను, ఒకసారి మాట్లాడాను. మాట్లాడానంటే, చెప్పుల కుప్పలో ఆమె రెండో చెప్పు వెతికిపెట్టాను. అప్పటి నుంచి నాకు అన్నమ్మే కావాలి, ఇంకెవరూ వద్దు. వాళ్ళ నాయన మత్తయ్య సార్ బళ్ళో సోషలు చెప్పేవాడు. సినిమా హాల్లో పనిచేసేవాడికి పిల్లనివ్వడమా అని మొదట మొహం చిట్లించాడట. ఏ సినిమా ఆడుతోందో విన్నాక మెత్తబడి, పాస్టరుగారితో కబురు పంపాడు.

“పెండ్లయిన కొత్తల మా ఆమె, నేను ఆ సిన్మా చూసినం. ఆఖరి రీలుకు ఇద్దరం ఏడ్చినం. ఆమె పోయినంక మళ్ళ చూడలే. శనివారం మ్యాట్నీకి పిల్లను తీస్కొని వస్తం. ఆ ఆఖరి రీలు తెగకుండ నడిపిస్తే అప్పుడు మాట్లాడుకుందం.”

ఏ రీలయితే నా దగ్గర లేదో ఆ రీలే కావాలట ఆ మహానుభావుడికి!

అదే సినిమా అంతకుముందే కోదాడలో ఆడి దిగిపోయింది, పెట్టె ఇంకా అక్కడే ఉంది. అక్కడి ఆపరేటర్ సైదయ్య కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తే, ఆఖరి రీలొక్కటి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. “రేపటికల్లా తిరిగి పంపండి, లేకపోతే నా ఉద్యోగం ఊడిపోద్ది” అని చీటీ కూడా పెట్టాడు. శనివారం ఇంటర్వెల్ వేళకు రీలు అందింది. నా పెళ్ళి పాటను ఊడదీసి బల్ల మీద పడేశాను.

యువరాణి విషం తాగింది. కేబిన్ కిటికీలోంచి చూస్తే మత్తయ్య సార్ జేబురుమాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు. గెలిచాననుకున్నాను. అంతలోనే నేల క్లాసు నుంచి అరుపులు మొదలయ్యాయి. సినిమా అయిపోయి లైట్లు వేసినా వేములపల్లి వాళ్ళు కదలరు. ముత్తమ్మ మెట్లెక్కి నేరుగా కేబిన్‌లోకి వచ్చేసింది.

“నీ సేతులిరుగ! మొన్నటిదాంక సక్కగ పెండ్లి సేస్తివి. ఇయ్యాల ఎందుకు సంపినవ్?”

“నేను సంపలే ముత్తమ్మా, కథనే గంత.”

“ఆరుసార్లు సూసిన నాకు తెల్వదా కథ? పెండ్లి సూద్దువు రా బిడ్డా అని కొత్త కోడల్ని తోల్కొచ్చిన. అది గాడ ఎక్కెక్కి ఏడుస్తున్నది. బతికిస్తవా లేదా?”

ఆవిడ వెనక మెట్ల మీద ఇంకో పదిమంది ఆడవాళ్ళు ఉన్నారు. కింద బెంచీ ఒకటి విరిగిన చప్పుడైంది. పాట వేస్తే నా కత్తెర పని సార్‌కు తెలిసిపోతుంది. వేయకపోతే హాలు మిగలదు. తిట్టుకుంటూనే పాట ముక్క ఎక్కించాను.

చచ్చిన యువరాణి తలంబ్రాలు పోసింది. హాలంతా ఈలలు. ఆ తర్వాత శుభం, దాని వెనక రైలు. నేను మెషీన్ పక్కన కూలబడ్డాను. అన్నమ్మ ఇక దక్కదని నిజంగానే ఏడుపొచ్చింది.

జనం వెళ్ళిపోయాక మత్తయ్య సార్ మెల్లగా పైకొచ్చాడు, వెనకే అన్నమ్మ. లేచి నిలబడి అంతా చెప్పేశాను, తడిసిన రీలు, కత్తెర, కోదాడ బస్సు, అన్నీ.

“ఆ రోజు ఇంటికి పోయేదాంక మా ఆమె ఒక్కటే మాట అన్నది,” అన్నాడాయన. “వాళ్ళ పెండ్లి చేస్తే సిన్మా తీసినోళ్ళ సొమ్మేం పోయింది అని. ఇరవై అయిదేండ్లకు నువ్వు చేసినవ్. ఆమె ఉంటే ఎంత సంబురపడునో.”

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకునేసరికి సోషలు సార్ అయిపోయాడు.

“గని బాబూ, రాజుల కాలంల రైలెక్కడిది?”

నేను నోరు తెరిచేలోపే అన్నమ్మ అందుకుంది.

“పెండ్లయినంక పిల్ల అత్తగారింటికి పోవద్దా నాయినా?”

పై నెలలో మా పెళ్ళయింది. ముత్తమ్మ కోడలితో సహా వచ్చి ముందు వరుసలో కూర్చుంది. మళ్ళీ ఏం చేస్తానోనని, అంతా అయ్యేదాకా నా చేతుల వంకే చూస్తూ ఉంది.