కనిపించిన జెండా

హెటీ మోకాళ్ల మీద కూర్చుని పొయ్యిలోంచి బూడిద తోడి బకెట్లో పోస్తోంది. గట్టిగా గీకితే బూడిద లేస్తుందనీ, లేస్తే హెరాల్డ్‌కు దగ్గు వస్తుందనీ మెల్లగా తీస్తోంది. పదహారు రోజులుగా ఆ ఇంట్లో ఈ పని ఆమెదే. ఎవరూ అప్పజెప్పలేదు. తను పనిచేసే పోస్టాఫీసు తెరిచే వేళకు ముందే వచ్చి, పొయ్యి శుభ్రం చేసి, కట్టెలు పేర్చి, కోళ్లకు గింజలు వేసి వెళుతుంది.

హెరాల్డ్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. పిండికట్టు వేసిన కాలు ముక్కాలిపీట మీద ఉంది. డెబ్బై రెండేళ్ల మనిషి. ఈ లోయలో కొండ పరుగు నేర్చుకున్న వాళ్లలో సగం మంది ఆయన వెనక ఎక్కినవాళ్లే.

"ఏం పిల్లా, ఈమధ్య పరిగెడుతున్నావా లేదా? బూట్లకు బూజు పడుతుంది జాగ్రత్త," అన్నాడు.

"తీరిక దొరకడం లేదండీ."

"తీరిక కాదు, భయం. ఒకసారి దారి తప్పావని కొండను వదిలేస్తావా? నేను ఇరవై ఏళ్లప్పుడు ఇదే గ్రేహౌ కొండ మీద దారి తప్పి పక్క లోయలో ఒకరి పెళ్లి భోజనంలోకి దిగాను. కడుపునిండా పెట్టి పంపించారు."

"ప్రతిసారీ ఆ భోజనంలో ఒక కూర పెరుగుతుంది," అంది ఆయన భార్య ఆగ్నెస్, బల్ల మీద రొట్టెపిండి పిసుకుతూ. "దాన్ని ఎందుకు వేధిస్తావు? పాపం, ఆ రోజు ఎంత హడలిపోయిందో! హెటీ, ఇలా రా, నీకు టీ పోసి ఉంచాను. పంచదార రెండు చెంచాలు వేశాను. మనిషివి చిక్కిపోతున్నావు."

ఆ మాట వింటూ హెటీ మరో పార బూడిద తోడింది. ఆగ్నెస్ తిట్టినా బాగుండును. ఈ టీ, ఈ పంచదార గొంతు దిగవు.

ఆమె మార్చిలో పరుగు మొదలుపెట్టింది. చెల్లెలి పెళ్లి ఫోటోల్లో తనను తాను చూసుకుని మొదలుపెట్టింది గానీ, నెల తిరిగేసరికి ఆ ఫోటోల సంగతి మరిచిపోయింది. కొండ అంచు ఎక్కినప్పుడు వీచే గాలి కోసమే వెళ్లేది. ఎత్తులో పరిగెత్తకూడదనీ, చేతులు తొడల మీద మోపి వంగి నడవాలనీ హెరాల్డ్ నేర్పాడు. దిగేటప్పుడు వెనక్కి వాలితే పడతావు, ముందుకు వాలు, పాదం వైపు కాదు, మూడడుగుల అవతలికి చూడు అన్నాడు. అన్నిటికన్నా ముందు ఒకటి చెప్పాడు: "మధ్యలో ఆగిపోవడం సిగ్గు కాదు. ఆగిపోతే మాత్రం తిన్నగా కింద పందెం వాళ్ల గుడారం దగ్గరికి వచ్చి నీ నెంబరు చెప్పు. చెప్పకుండా ఇంటికి పోయావంటే, నువ్వు కొండ మీదే ఉన్నావని నీ కోసం మనుషులు ఎక్కుతారు."

ఆగస్టు చివర, ఊళ్లో గొర్రెల పోటీలు జరిగే రోజున, ఆమె మొదటి పరుగు పందెం. ఛాతీ మీద నలభై ఒకటో నెంబరు పిన్నులతో గుచ్చుకుంది. కొండ మీది మొదటి రాతిగోడ దాటేసరికే అందరికన్నా వెనకబడింది. సగం ఎత్తు కూడా ఎక్కకముందే ముందువాళ్లు శిఖరం తాకి దిగి వస్తున్నారు. బురద కొట్టుకున్న కాళ్లతో దూకుతూ, ఆమెను దాటుతూ, ప్రతి ఒక్కరూ ఒక మాట అన్నారు. "శభాష్ పిల్లా!" "ఇంకాస్తే!" అరవై మంది, అరవై శభాష్‌లు. ఆ దయకి ఆమె మొహం కాలిపోయింది.

ఈ ఊళ్లో ఒక అలవాటుంది. చివరి మనిషి వచ్చేదాకా ఎవరూ మైదానం వదలరు. టీ కప్పులు పట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని పరుగు ముగిసే చోట కట్టిన తాడుకి రెండు వైపులా నిలబడి, గెలిచినవాడికన్నా గట్టిగా ఆఖరివాడికి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు తనకు వద్దనుకుంది హెటీ.

పై గోడ మూల దగ్గర ఆగింది. అప్పటికి పొగమంచు ఇంకా దిగలేదు. దారి చూపే తర్వాతి ఎర్ర జెండా ఎదురుగా, స్పష్టంగా రెపరెపలాడుతోంది. దాన్ని చూసింది. చూసి, గోడ పక్కన గొర్రెల బాట పట్టి తన ఇంటి వైపు దిగిపోయింది. సగం దారిలో ఉండగా పైన మబ్బు కమ్మింది. తర్వాత ఎక్కడో ఈల వినిపించింది. ఆగకుండా ఊదుతున్నారు. ఎవరి కోసమో తెలుసు. ఇప్పుడు వెనక్కి వెళితే ఇంకా నవ్వులపాలవుతానని నడక పెంచింది.

ఇంటికి చేరి వేణ్ణీళ్లు పోసుకుని పడుకుంది. సాయంత్రం ఆరున్నరకు తలుపు విరిగేలా కొట్టారు. తలకు తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది. పరుగు క్లబ్బు కార్యదర్శి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "బతికే ఉన్నావా తల్లీ! ఏమైంది?" అంటే, హెటీ నోటి నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది: "మంచులో జెండాలు కనబడలేదండీ."

శిఖరం మీద నెంబర్లు రాసుకునే పని ఆ రోజు హెరాల్డ్‌ది. ఒకటి తక్కువైందని తేలగానే ఈల ఊదుకుంటూ వాగు వైపు వెతకడానికి దిగి, తడిరాళ్ల మీద జారాడు. చీలమండ రెండు చోట్ల విరిగింది. వానలో గంటకు పైగా పడి ఉన్నాడు.

హెటీ బూడిద బకెట్ తలుపు దగ్గర పెట్టి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుంది. టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుంది.

"ఇవాళ సాయంత్రం క్లబ్బు మీటింగుంది," అన్నాడు హెరాల్డ్. "జెండాలు పాతే పని ఐజక్ నుంచి తీసేసి వేరే ఎవరికైనా ఇస్తారట."

"ఇవ్వనీ," అంది ఆగ్నెస్, పిండి ముద్దను బల్లకేసి కొట్టి. "ముప్పై ఏళ్లు పాతాడు, చాలు. నా మొగుడి కాలు విరగ్గొట్టి, ఈ పిల్లని చావు అంచుకి పంపాడు. నా తమ్ముడైతే మాత్రం? తల్లిలా పెంచాను వాణ్ణి. నిన్న ప్లమ్ పళ్లు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ మొహం చూడలేక తలుపు వేశాను."

"ఐజక్ అరవై అడుగులకొకటి పాతానంటున్నాడు కదే."

"అంటాడు! మరి ఈ పిల్లకి ఎందుకు కనబడలేదు? కళ్లు లేవా దీనికి?"

హెరాల్డ్ మెడ తిప్పి కిటికీలోంచి కొండ వైపు చూశాడు. "వాడికే నమ్మకం పోయింది. రోజూ పొలం పని కాగానే పైకెక్కి జెండా గుంతల మధ్య అడుగులు కొలుస్తున్నాడు. మొన్న నాతో ఏమన్నాడో తెలుసా? గోడ మూల దగ్గర ఒకటి తక్కువ పాతానేమో, ముసలితనం వచ్చి మరిచిపోయానేమో అన్నాడు. అంటూ ఏడ్చాడు. ఐజక్ ఏడవడం నేను చూడలేదు, మీ అమ్మ పోయినప్పుడు కూడా."

హెటీ కప్పు కింద పెట్టింది. పొద్దున్నే వచ్చి బూడిద తీస్తే, కట్టెలు పేరిస్తే సరిపోతుందేమో అనుకుంది ఇన్నాళ్లూ. ఆ మనిషి కొండ మీద ఒంటరిగా వంగి అడుగులు లెక్కపెట్టడం కళ్ల ముందు నిలిచింది.

"తక్కువ పాతలేదు," అంది.

"ఏమిటమ్మా?" అన్నాడు హెరాల్డ్.

"గోడ మూల తర్వాత జెండా ఉంది. నాకు కనిపించింది. అప్పటికి మంచు లేదు." కప్పు పక్కకు జరిపింది. "నేను దారి తప్పలేదండీ. అందరికన్నా వెనకబడ్డానని సిగ్గేసి ఇంటికి వెళ్లిపోయాను. అడిగితే మంచు అని చెప్పాను."

ఆగ్నెస్ చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

హెరాల్డ్ నెమ్మదిగా అడిగాడు. "నా ఈల?"

"వినబడింది."

"నీ కోసమేనని తెలిసిందా?"

"తెలిసింది."

ఆయన తన కట్టు వైపు చూసుకున్నాడు. కోపంగా కాదు, అది వేరెవరి కాలో అన్నట్టు చూశాడు. "నేనూ ఎన్నోసార్లు మధ్యలో దిగిపోయాను, హెటీ. ఒకసారి ముల్లు గుచ్చుకుందని, ఒకసారి ఊరికే మనసొప్పక. దిగిపోవడం ఏమీ కాదు. నెంబరు చెప్పి పొమ్మన్నానా లేదా?"

"చెప్పారు."

"మొదటిరోజే చెప్పాను."

"అవునండీ." కన్నీళ్లు వస్తున్నాయి గానీ, ఇప్పుడు ఏడిస్తే మళ్లీ వాళ్ల జాలే అడిగినట్టవుతుందని పళ్లు బిగపట్టింది. "మీటింగుకు నేను వెళతాను. అందరి ముందు చెబుతాను. ఐజక్ గారి ముందు కూడా."

"చెప్పాలి," అన్నాడు హెరాల్డ్. ఫరవాలేదని మాత్రం అనలేదు.

హెటీ ఆగ్నెస్ వైపు తిరిగింది. "ఆగ్నెస్ గారూ, నన్ను..." అంది.

ఆగ్నెస్ ఆమె వైపు చూడలేదు. చేతులకంటిన పిండి వేలు వేలుకీ తుడుచుకుంది. పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పడం కూడా మరిచి, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి కుర్చీ మీద పడేసింది. గోడకి వేలాడే కోటు తీసి తొడుక్కుంది. ఒక బొత్తాం తప్పు కాజాలో పడింది. సరిచేసుకోలేదు.

"ఐజక్ ఇప్పుడు ఇంట్లో ఉండడే, పశువుల కొట్టంలో ఉంటాడు," అన్నాడు హెరాల్డ్. "దారి తడిగా ఉంది. కర్ర పట్టుకెళ్లు."

ఆగ్నెస్ కర్ర తీసుకోలేదు. భర్త వైపు గానీ, బల్ల దగ్గర కూర్చున్న పిల్ల వైపు గానీ చూడకుండా తలుపు తీసి, తమ్ముడి ఇంటికి దిగే దారిన వెళ్లిపోయింది.