ఓబులమ్మ అతికిన పడుగు

ధర్మవరంలో తెల్లారేసరికి మగ్గాల చప్పుడు మొదలవుతుంది. ఓబులమ్మ పని మాత్రం మగ్గం ఆగిన ఇంట్లో మొదలవుతుంది. నిలువు పోగుల పడుగు ఒకటి అయిపోయి కొత్తది ఎక్కించాలంటే పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటిగా కలపాలి. ముడి వేయకూడదు, వేస్తే పోగులు దూరే అచ్చు కన్నాల్లో ఇరుక్కుంటుంది. వేళ్ళకు ఇంత బూడిద అద్దుకుని, రెండు కొసలూ బొటనవేలి కింద పెట్టి ఒక్క మెలి తిప్పాలి. ఆ తర్వాత పాతదాన్ని లాగితే దాని వెంట కొత్తది నడిచి వస్తుంది. ఆ వీధిలో ఈ పని తెలిసిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, ఓబులమ్మ వేళ్ళ కింద పట్టుపోగులే కాదు, ఏ రెండు కొసలు పెట్టినా అతుక్కునేవి.

పక్కింటి యల్లక్క రేడియో ఏరియల్ విరిగిపోతే ఓబులమ్మ దాన్ని బట్టలారేసే తీగకు అతికింది. తీగ ఖాళీగా ఉన్న రోజు అనంతపురం స్టేషను పలికేది, తడిబట్టలు వేసిన రోజు బెంగళూరు. కన్నడ పాటలు వినాలని మనసైతే యల్లక్క ఒక చీర ఉతుక్కునేది. దీన్ని వింత అని ఎవరూ అనుకోలేదు. ఒకరి చేతి వంట రుచిగా ఉంటుంది, ఇంకొకరి చేత్తో వేసిన విత్తనం బాగా మొలుస్తుంది, ఓబులమ్మ చేతికి అతుకు కుదురుతుంది, అంతే.

సెల్‌ఫోన్లు వచ్చాక ఆమె అరుగు మీద సందడి పెరిగింది. ఒక్కో కంపెనీది ఒక్కో పిన్ను. లావు పిన్ను, సన్న పిన్ను, చదును పిన్ను, పేరే లేని చైనా పిన్ను. ఒక ఇంట్లో అన్నది ఒక రకం, తమ్ముడిది ఇంకో రకం. చార్జరు పోతే జత దొరకడానికి హిందూపురం దాకా పోవాలి. అంత దూరం ఎవరు పోతారు, సాయంత్రం కాగానే దొరికిన చార్జరు, ఉన్న ఫోను పట్టుకుని ఓబులమ్మ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె బూడిద అద్ది మెలి తిప్పేది. ఏ పిన్నైనా ఏ కన్నంలోనైనా కుదురుకునేది. ఏమివ్వమంటావక్కా అని అడిగితే, కూచోనప్పా, టీ తాగి పో అనేది. అట్లా కూచున్న వాళ్ళే సగం మంది ఆమె కొడుకు మహేష్‌కు స్నేహితులయ్యారు.

మహేష్‌కు ఫోన్లంటే పిచ్చి. వాడి చేతిలో ఉన్నది మాత్రం అంచులు అరిగిన లావు పిన్ను ఫోను. సొంతానికి కొనలేని వస్తువు మీద మనిషికి ఎంత జ్ఞానం పుట్టుకొస్తుందో వాణ్ణి చూస్తే తెలిసేది. ఆ ఏడు ఒక పెద్ద కంపెనీ దసరాకు కొత్త ఫోను విడుదల చేస్తుందని పుకారు పుట్టింది. అందులో పాటలు ఎన్ని పడతాయి, ఫొటోలు ఎట్లా వస్తాయి అన్నది ఒక వారంలో తేలిపోయింది. తేలనిది పిన్ను సంగతి. లావు పిన్నే ఉంటుందని కొందరు, సన్నదే ఉంటుందని కొందరు, ఎన్నికల ముందర కూడా ఆ అరుగు మీద అంత వాదన జరగలేదు. మహేష్ ఒక్కడే మూడో మాట చెప్పేవాడు. ఫోనులో చదును పిన్ను వస్తుందట, ఇకమీదట అన్ని కంపెనీలూ అదే పెట్టాలట, లోకమంతటికీ ఒకే చార్జరు సరిపోతుందట. ఈ ఘోష ఊరి పొలిమేర దాటింది. గుంపు మెసేజీల్లో పరిచయమైన తనకల్లు కుర్రవాడు లోకేష్ రోజూ ఫోను చేసి వాదించేవాడు. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తండ్రి నరసింహులుకు ఇదంతా ఒళ్ళు మంట. ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడంటే లోకం అవసరం లేని మనిషి.

"పిన్నులన్నీ ఒకటైతే మీ అమ్మ చేతికి పనేముంటాదిరా?" అన్నాడొకరోజు, ఇక వాడికి జవాబు దొరకదనుకుని.

"అమ్మకు ఆ పని తప్పల్లనే కదా నాయనా నా ఆశ," అన్నాడు మహేష్. "ఆ వేళ్ళు చూసినావా, బూడిదకు ఎట్ల పగిలిపోయినాయో."

నరసింహులు ఆ సాయంత్రం భార్య చేతులకేసి చాలాసేపు చూశాడు.

దసరాకు ముందు ఒక ఉదయం ఆయన అంచు మీద నెమలి నేస్తున్నాడు. ఊపిరి బిగబట్టి నేయాల్సిన చోటు. సరిగ్గా అప్పుడే మహేష్ ఫోను మోగింది. నరసింహులు కాలు తడబడింది, పోగులు తెగాయి. హిందూపురంలో సెల్ షాపు నడిపే ఇమ్మానుయేలు చేశాడు, కొత్త ఫోను అడుగుభాగం ఫొటో దొరికింది, వచ్చి చూసుకో అని. మహేష్ ఆ ఆనందంలో తెగిన పోగుల్ని గమనించనే లేదు.

"దాని నోరు మూతపడితే గాని నాకు నెమ్మది లేదురా," అన్నాడు నరసింహులు.

మహేష్ నవ్వి, స్నేహితుడి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. పెనుకొండ దాటాక హైవే మీద లారీ గుద్దింది. హిందూపురం ఇంకా కొంత దూరం ఉండగానే వాడి ప్రాణం పోయింది. సాయంత్రానికి కానిస్టేబులు ఒక కవర్లో వాడి ఫోను తెచ్చిచ్చాడు. అద్దం పగిలింది, చార్జింగు అయిపోయింది.

నరసింహులు ఏడవలేదు. మట్టి చేసి వచ్చి, నేస్తున్న చీరను సగంలోనే కోసి పక్కన పెట్టాడు. గుంట మీద చెక్కలు పరిచి వాటి మీద కూర్చున్నాడు. తెలియని వాళ్ళెవరైనా కొడుకేడీ అంటే, హిందూపురం పోయినాడు అని చెప్పేవాడు. తెలిసినవాళ్ళు ఆ మాట దిద్దలేదు. ఫోనుకు చార్జింగు ఎక్కిస్తానని ఓబులమ్మ ఒకసారి బూడిద తెచ్చుకుంటే, గిన్నె లాక్కుని బయట పెట్టాడు. దాని నోరు నేనే మూయించినా, ఉండనీ అన్నాడు. ఆమె ఆ ఫోనును బియ్యం డబ్బాలో దాచుకుంది. కొడుకు లేని దుఃఖం ఆమెకూ ఉంది. కాని ఏడవడానికి ఆమెకు తీరిక లేకుండా పోయింది, ఎందుకంటే భర్తను చూస్తే భయం వేస్తోంది.

ఆ భయం ఎట్లాంటిదో ఆ వీధి ఆడవాళ్ళకు చెప్పనక్కర లేదు. మగ్గం దిగిన మగవాళ్ళు కొందరు ఎటు పోయారో వాళ్ళకు తెలుసు. ఒకరోజు మగ్గం వెనక అద్దకానికి వాడే యాసిడ్ సీసా కనిపించింది. వాళ్ళింట్లో అద్దకం పనే లేదు. ఓబులమ్మ దాన్ని యల్లక్క ఇంట్లో పెట్టి వచ్చింది. నాలుగు రోజులు పోయాక అక్కడే ఇంకొక సీసా ఉంది. దాన్నీ తీసుకుపోయింది. ఆమె నీళ్ళకు పోయినా గుమ్మంలో యల్లక్కను కూర్చోబెట్టి పోయేది.

దీపావళి వెళ్ళిన మరునాడు పొద్దున నరసింహులు తానే మాట కలిపాడు. గొంతు చాలా మెత్తగా ఉంది.

"ఓబులా, కనగానపల్లికి పోయి నీ తమ్మునింట్లో నాలుగు దినాలుండి రా. చిక్కిపోయినావు."

పెళ్ళయినప్పటి నుంచీ ఆమెను పుట్టింటికి పొమ్మని అన్న మనిషి కాదు. ఇప్పుడెందుకు పంపుతున్నాడో ఓబులమ్మకు అర్థమైంది.

"పోతా," అంది. "పోయే ముందర ఒక పని ఉండాది. ఆ చెక్కల మీంచి లెయ్యి."

ఆయన లేచాడు. ఆమె గుంట మీది చెక్కలు తీసేసింది. నేతకు పట్టు ఇచ్చే మేస్త్రీ ఎప్పుడో తెచ్చి పెట్టిన కొత్త పడుగు మూలన పడి ఉంటే విప్పింది. యల్లక్కను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. ఆమె పోగు విడదీసి అందిస్తుంటే ఈమె పాత కొసకు కొత్త కొస మెలి తిప్పుతూ పోయింది. పగిలిన వేళ్ళలోకి బూడిద దిగి మండుతున్నా ఆపలేదు. నరసింహులు గోడకానుకుని చూస్తూ ఉన్నాడు. పడుగు అతికే ఆడవాళ్ళను మధ్యలో లేపకూడదని నేతగాళ్ళ ఇళ్ళలో కట్టుబాటు. ఎంత బాధలో ఉన్నా ఆ కట్టుబాటు దాటడానికి ఆయనకు నోరు రాలేదు. మధ్యాహ్నం దాటినా ఎవరూ అన్నం మాట ఎత్తలేదు.

చివరి అంచు దగ్గరికి వచ్చాక ఓబులమ్మ బియ్యం డబ్బాలోంచి ఫోను తీసింది. ఇంట్లో ఉన్నది సన్న పిన్ను చార్జరు. దాని వైరును కత్తితో కోసి, ప్లగ్గు ఉన్న ముక్క అవతల పారేసింది. పిన్ను ఉన్న ముక్కను ఫోనుకు అతికింది. కోసిన వైపు తొక్క తీస్తే లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు బయటపడ్డాయి. వాటిని విడదీసి, అంచున మిగిలిన పట్టుకొసలకు ఒక్కొక్కటే మెలి తిప్పింది. యల్లక్క చూసింది. పోగులు చాలకపోతే నా ఇంట్లో ఇంకొక వైరుంది అని మాత్రం అంది.

పని ముగించి ఓబులమ్మ చేతులు దులుపుకుంది.

"ఫోను ఆ కొసకు ఉండాది. గోడలో కరెంటుకు పెట్టలేదు. నువ్వు నేస్తే ఎక్కుతాది, నెయ్యకుంటే లేదు. నేను కనగానపల్లికి పోతాండా."

చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది గాని అరుగు దిగలేకపోయింది. గోడకు చెవి పెట్టి నిలబడింది. లోపల ఏ చప్పుడూ లేదు. ఆమె జీవితంలో అంత భయపడింది లేదు. తన చేయి తప్పినా తప్పి ఉండవచ్చు, ఆయన మనసు అతుక్కోకపోయినా పోవచ్చు, ఇక చేయగలిగింది ఏమీ లేదు. చాలాసేపటికి లోపల మగ్గం కాలిపలక కిర్రుమంది. పేక పోగుతో నాడె ఒకసారి అటు పోయింది. మళ్ళీ ఇటు వచ్చింది. ఓబులమ్మ అరుగు మీద కూలబడి కొడుకు కోసం మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

గోరంత గుడ్డ నేసేసరికి పగిలిన అద్దం కింద వెలుగు వచ్చింది. ఆగిపోయిన రోజుల మెసేజీలన్నీ ఒకదాని వెంట ఒకటి టింగుమంటూ వచ్చిపడ్డాయి. నరసింహులు వాటిని చదవలేదు, చదవడం ఆయనకు రాదు. జీవితకాలం ఇన్‌కమింగ్ ఉచితమని ఆశపడి మహేష్ కొన్న సిమ్ము అది. జీవితం అయిపోయినా సిమ్ము పని చేస్తూనే ఉంది. కాసేపటికి ఫోను మోగింది. ఆయన నేస్తూనే ఒక చేత్తో ఎత్తాడు.

"అన్నా, యాడుండావన్నా ఇన్ని దినాలు?" అవతలి గొంతు ఆగకుండా చెప్పుకుపోయింది. "నేను తనకల్లు లోకేష్‌ని. దసరాకన్నది దీపావళికి రిలీజైంది కదా, చూసినావా? నువ్వు చెప్పిందే కరెక్టు. చదును పిన్నే. మేమంతా ఓడిపోయినాము, నువ్వొక్కనివే గెల్చినావు. ఎన్నిసార్లు చేసినా స్విచాఫే వస్తాండాది."

నరసింహులు నోరు తెరిచాడు. హిందూపురం పోయినాడు అన్న మాట గొంతు దాకా వచ్చింది. గెలిచినవాణ్ణి పట్టుకుని ఆ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మహేష్ లేడప్పా," అన్నాడు. "సచ్చిపోయినాడు. నేను వాళ్ళ నాయన్ని."

అవతల ఏడుపు వినిపించింది. ముఖమైనా చూడని మనిషి కోసం ఎవరో కుర్రవాడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అది వింటూ ఉంటే నరసింహులు లోపల గడ్డకట్టినదేదో కదిలి, నోట్లోంచి కేకలా బయటపడింది. ఆయన ఏడుపుకు చేయి ఆగింది, మగ్గం ఆగింది, ఫోనులో వెలుగు సన్నగిల్లడం మొదలైంది.

"నాయనా, పెట్టేస్తా," అన్నాడు లోకేష్. "మళ్ళా చేస్తాలే."

"పెట్టేయాకప్పా." నరసింహులు ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "మావాడు గెల్చిన పందెమేందో నాకు తెలీదు. మొదట్నించీ చెప్పు. నేను నేస్తాంటా."