మొదటి రొట్టె ఉప్పు

గురువారం సాయంత్రమైతే ఈ కొండ ఊళ్లో ఏ ఇంటి ముందు నిలబడినా కాగిన నూనె వాసనే. పోయినవాళ్లు ఆ వాసన కోసం గుమ్మం దాకా వస్తారని కిర్గిజుల నమ్మకం. ఏడు రొట్టెలు వేయించి, వాళ్ల పేరు మీద ఖురాన్ చదివి, ఆ తర్వాతే తుంచుతారు.

తోక్తోసున్ ఇంట్లో ఆ పని ఆయన భార్య జూరాది. ఆమె పోయి నలభై రోజులు దాటింది. ఇన్నాళ్లూ చుట్టాల ఆడవాళ్లు వేయించారు, నిన్నటితో వాళ్లూ వెళ్లిపోయారు. అందరూ గుండెలు బాదుకుని ఏడ్చినా ఆయన కంట చుక్క రాలేదు. రాయి అన్నారు జనం. అననీ. జూరా మాత్రం గుమ్మం దాకా వచ్చి ఉత్త కడుపుతో పోకూడదు, తన చేత్తోనే పెట్టాలి. డెబ్బై ఏళ్ల గొర్రెల కాపరి పంతం అది.

వేయించాడు. రెండు మాడాయి, మూడోదాని ఆకారం దేవుడికే తెలియాలి. పొరుగింటి బూబుష్ వచ్చి, జూరా పేరు చెప్పి ఖురాన్ చదివింది. చెరో ముక్క తుంచారు.

బూబుష్ నమిలి నమిలి, "ఉప్పేది అన్నా?" అంది.

ఆయన మొహం పాలిపోయింది. "చప్పిడిదా పెట్టాను దానికి? చదవకముందు ముట్టకూడదని రుచి చూడలేదమ్మా."

"మీరా ముట్టనిది? వారం వారం వదిన మీకే పెట్టేదిగా మొదటిది. గోడవతలకి వినబడేది మీ గోల."

నిజమే. చలికి కొయ్యబారి కొండ దిగి వచ్చేవాడు. టోపీ తీయకముందే వేడి రొట్టె చేతిలో పడేది. "ఉప్పు సరిపోయిందో లేదో చూడండి" అనేది జూరా. తప్పు కదే అంటే, "పోయినవాళ్లకి వాసన చాలట. మీకు చాలదుగా, తినండి" అనేది. నలభై ఏడేళ్లలో ఒక్క వారం ఉప్పు తప్పలేదు, ఒక్క వారం అడగడం మానలేదు. ఎందుకడిగేదో ఈ మొద్దు బుర్రకి ఇప్పుడు తెలిసింది.

మిగిలిన పిండిలో ఉప్పు కలిపి, ఒక రొట్టె వేయించి, నిలబడే కొరికాడు. నాలుక కాలింది. నలభై రోజుల ఏడుపు ఒక్కసారిగా వచ్చి పడింది.

బూబుష్ ఆయన్ని ఏడవనిచ్చింది. కాసేపయ్యాక మెల్లగా అడిగింది, "ఉప్పు సరిపోయిందా అన్నా?"

"సరిపోయిందే" అన్నాడు, గుమ్మం వైపు చూస్తూ.